ఇన్‌క్రెడిబుల్స్ 2 తృప్తినిస్తుందా? మొదటి భాగమా, రెండోదా, మరొకటా అని తేల్చుకునే ముందు

సెలవు రోజు సాయంత్రం పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని చూడదగిన సూపర్‌హీరో యానిమేషన్ సినిమా ఏదని ఎవరైనా అడిగితే, పిక్సార్ వారి ఇన్‌క్రెడిబుల్స్ పేరు మొదటి రెండు మూడు పేర్లలో తప్పకుండా వస్తుంది. అయితే ఆ పేరుతో ఉన్నవి రెండు సినిమాలు. మొదటిది 2004 నవంబరులోను, రెండోది 2018 జూన్‌లోను అమెరికాలో విడుదలయ్యాయి. రెండింటినీ రాసి, దర్శకత్వం వహించినది బ్రాడ్ బర్డ్ ఒక్కరే. మొదటిదాని నిడివి 115 నిమిషాలు, రెండోదానిది 118 నిమిషాలు కనుక సమయాన్ని బట్టి ఎంచుకోవడానికి వీలు లేదు. కథ కూడా ఒకటి ఆగిన చోటే మరొకటి మొదలవుతుంది. అయినా ఈ రెండూ ఒకే రకం సినిమాలు కావు, ఒకే రకం ప్రేక్షకులకు సరిపోయేవీ కావు. నా అభిప్రాయాన్ని దాచకుండా ముందే చెప్పుకుంటే, రెండో భాగం ఒక సాయంత్రానికి కావలసిన వినోదాన్ని నిండుగానే ఇస్తుంది కాని, మొదటి భాగాన్ని మనసులో పెట్టుకుని పద్నాలుగేళ్లు ఎదురుచూసినవారికి కొనసాగింపుగా సగం తృప్తినే మిగులుస్తుంది. మీకు కావలసినది ఆ సగంలోనే ఉంటే రెండో భాగం చూడండి, లేకపోతే మొదటిదాన్ని మళ్లీ పెట్టుకోవడమే మేలు.

మొదటి భాగంలోని అసలు బలం అతీతశక్తులలో కాక, ఆ శక్తులను వాడుకోవడానికి వీల్లేని జీవితాన్ని చూపించిన తీరులో ఉంది. ఆత్మహత్య చేసుకోబోయిన ఒక మనిషిని కథానాయకుడు, అతిబలశాలి అయిన బాబ్ కాపాడతాడు, తనను కాపాడమని ఎవరు అడిగారంటూ ఆ మనిషే అతని మీద కోర్టుకు వెళతాడు, అక్కడి నుంచి దావాల వరస మొదలై చివరకు ప్రభుత్వం సూపర్‌హీరోలందరినీ పేర్లు మార్చి, మామూలు మనుషుల మధ్య దాచిపెడుతుంది. పదిహేనేళ్ల తరువాత బాబ్ ఒక బీమా కంపెనీలో గుమాస్తా. తల పైకప్పుకు తగిలేంత మనిషి, మోకాళ్లు మడిచి కూర్చుంటే తప్ప పట్టని చిన్న గదిలో కూర్చుని, క్లెయిమ్ తిరస్కరించాల్సిన ముసలావిడకు ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో, ఎవరిని కలవాలో గుసగుసగా చెప్పి, బయటివారికి మాత్రం తిరస్కరించినట్టే కనిపించాలని 'ఏడుస్తున్నట్టు నటించండి' అన్నంత పని చేస్తాడు. ఈ సినిమాను నేను చదువుకునే రోజుల్లో మొదటిసారి చూసినప్పుడు, ఈ ఆఫీసు సన్నివేశాలు ఎప్పుడు అయిపోతాయా, ఫైట్లు ఎప్పుడు వస్తాయా అని ఓపిక లేకుండా చూశాను. ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ల తరువాత మళ్లీ చూసినప్పుడు, ఫైట్లకన్నా ఆ గుమాస్తా గదే ఎక్కువసేపు గుర్తుండిపోయింది. వయసుతో పాటు అర్థం మారే సినిమా ఇది. రెండో భాగానికి ఈ గుణం కొంత ఉంది, ఇంత మాత్రం లేదు.

మొదటి భాగంలో ప్రమాదం ఎంత నిజంగా అనిపిస్తుందో చూపించడానికి ఒక్క సన్నివేశం చాలు. భర్త చిక్కుకున్న ద్వీపం వైపు బాబ్ భార్య, శరీరాన్ని సాగదీయగల హెలెన్ ఒక చిన్న జెట్ విమానాన్ని నడుపుకుంటూ వెళుతుంది. పిల్లలిద్దరూ తనకు తెలియకుండా వెనక దాక్కుని ఎక్కేశారని అప్పుడే తెలుస్తుంది. ఇంతలో కింది నుంచి క్షిపణులు వస్తాయి. ఆమె రేడియోలో పద్ధతిగా, పైలట్ల భాషలో మాట్లాడడం మొదలుపెడుతుంది, జవాబు రాదు, ఆ పద్ధతి కొంచెం కొంచెంగా విరిగిపోయి, విమానంలో పిల్లలున్నారని ఆమె మళ్లీ మళ్లీ చెప్పే దశకు వస్తుంది. విమానం చుట్టూ రక్షణ కవచం వేయమని కూతురు వయొలెట్‌ను బతిమాలుతుంది. అంత పెద్ద కవచం ఆ పిల్ల ఎన్నడూ వేయలేదు, ప్రయత్నిస్తుంది, చేతకాదు. ఆఖరి క్షణంలో తల్లి తన శరీరాన్ని సాగదీసి పిల్లలిద్దరినీ బంతిలా చుట్టేసుకుంటుంది. ఇదంతా అవతల బందీగా ఉన్న బాబ్ స్పీకరులో వింటూ ఉంటాడు, తరువాత మిగిలేది నిశ్శబ్దమే. సముద్రంలో పడి బతికి బయటపడ్డాక ఆమె తానే పడవగా మారితే, కొడుకు డాష్ కాళ్లు ఆడిస్తూ మోటారు పని చేస్తాడు. భయం నుంచి నవ్వుకు వచ్చే ఆ మలుపు రెండు నిమిషాల్లో జరిగిపోతుంది. ఆ రాత్రి గుహలో ఆమె పిల్లలతో చెప్పే మాట ఇంకా సూటిగా ఉంటుంది: టీవీలో చూసే విలన్లలా వీళ్లు మీరు పిల్లలని వదిలిపెట్టరు, వీలు దొరికితే చంపుతారు. పిల్లల సినిమాలో ఇంత మాట అనగలగడమే ఆ సినిమా ధైర్యం, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ సినిమాను ఆచితూచి ఎంచుకోవలసిన కారణం కూడా అదే.

మొదటి భాగం చివర అండర్‌మైనర్ అనే సొరంగాల దొంగ భూమిని చీల్చుకుని బయటకు వస్తాడు, కుటుంబమంతా ముసుగులు తగిలించుకుంటుంది, తెర పడుతుంది. రెండో భాగం సరిగ్గా ఆ నిమిషంలోనే మొదలవుతుంది. మనకు పద్నాలుగేళ్లు గడిచాయి, వాళ్లకు ఒక్క క్షణం కూడా గడవలేదు. వినడానికి ఇది ముచ్చటైన ఆలోచనే, మొదటి పది నిమిషాల్లో దానివల్ల వచ్చే ఊపు కూడా తక్కువేమీ కాదు. కాని ఈ నిర్ణయానికి సినిమా చెల్లించిన మూల్యం పెద్దది. పిల్లలు ఎదగలేదు కనుక వాళ్లకు కొత్త సమస్యలు లేవు. చట్టం ఇంకా మారలేదు కనుక హీరోలు మళ్లీ మొదటికే వచ్చారు. అన్నిటికన్నా ముఖ్యంగా, కుటుంబాన్ని పక్కనపెట్టి ఒంటరిగా వెలగాలనుకోవడం తప్పని మొదటి సినిమా అంతా కష్టపడి నేర్చుకున్న బాబ్, ఇక్కడ భార్యకు పేరు వస్తుంటే పళ్లు బిగించి నవ్వే మనిషిగా తిరిగి కనిపిస్తాడు. మనుషులు నేర్చిన పాఠాలు మరిచిపోవడం లోకంలో లేనిది కాదు. అయితే ఆ పాఠం నేర్చుకుని మూడు నెలలే అయిందని కథే చెబుతున్నప్పుడు, ఆ మరుపు పాత్రది అనిపించదు, కథకుడి అవసరం అనిపిస్తుంది.

అసలు కథ ఇది. అండర్‌మైనర్‌ను ఆపబోయిన ప్రయత్నంలో నగరం దెబ్బతింటుంది, దొంగ డబ్బుతో తప్పించుకుంటాడు, బ్యాంకు సొమ్ముకు బీమా ఉంది కదా మీరు కదలకుండా ఉంటే సరిపోయేదని అధికారులు మందలిస్తారు. హీరోలకు ఆసరాగా ఉన్న ప్రభుత్వ విభాగాన్ని మూసేస్తారు, కుటుంబం ఒక మోటెల్ గదిలో పడుతుంది. అక్కడ భోజనాల బల్ల దగ్గర జరిగే వాదన ఈ సినిమాలోని మంచి రచనకు ఒక నమూనా: అన్యాయమైన చట్టాన్ని మార్చేదాకా పాటించాలని తల్లి అంటుంది, కళ్ల ముందు ఆపద జరుగుతుంటే చూస్తూ కూర్చోవాలా అని పిల్లలు అడుగుతారు, ఎవరి మాటా తేలిపోయినట్టు ఉండదు. అప్పుడు టెలికాం వ్యాపారి విన్‌స్టన్ డెవర్, యంత్రాలు తయారు చేసే అతని చెల్లెలు ఎవెలిన్ వచ్చి ఒక ఉపాయం చెబుతారు: సూటులో కెమెరా అమర్చి, హీరో కళ్లతో ప్రజలకు పనిని చూపించాలి, అప్పుడు జనాభిప్రాయం మారి చట్టమూ మారుతుంది. ఆ పనికి బాబ్ కన్నా హెలెన్ మేలని తేలుస్తారు, ఎందుకంటే ఆమె చేసే పనుల్లో ఆస్తినష్టం తక్కువ. ఆమె బయటకు వెళుతుంది, అతను ఇంట్లో మిగులుతాడు. ఇక్కడి నుంచి సినిమా రెండు పాయలుగా చీలుతుంది, తృప్తి ఏ పాయలో ఎంత అన్నదే మన లెక్క.

ఇంటి పాయ నిస్సందేహంగా గొప్పది. డాష్‌కు లెక్కలు చెప్పబోయి బాబ్ తండ్రులందరూ పడే గోతిలోనే పడతాడు. పుస్తకంలో ఉన్న పద్ధతి అతను నేర్చుకున్నది కాదు, జవాబు వచ్చినా పద్ధతి తప్పంటాడు కొడుకు. లెక్కల్ని ఎందుకు మార్చారు, లెక్కలంటే లెక్కలే కదా అని ఆ భారీ మనిషి గొంతెత్తుతాడు. తీసివేతలో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం మాత్రమే తెలిసి, పిల్లల పుస్తకంలోని గీతలూ గళ్లూ చూసి వెనక్కి తగ్గిన అమ్మానాన్నలకు ఆ అరుపు ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది. ముచ్చటైన సంగతి ఏమిటంటే, సినిమా అతన్ని అక్కడ నవ్వులపాలు చేసి వదిలేయదు. రాత్రంతా కూర్చుని ఆ కొత్త పద్ధతి నేర్చుకుని, తెల్లవారకముందే కొడుకును లేపి పరీక్షకు సిద్ధం చేస్తాడు. వయొలెట్ ఇష్టపడిన కుర్రాడి జ్ఞాపకాన్ని ప్రభుత్వ అధికారి చెరిపేస్తే, ఆమె వైపు నుంచి వచ్చే కోపాన్ని అతను ఎదుర్కొనే తీరూ ఇంతే. గెలిచేది భుజబలం కాదు, నిద్రలేని ఓపిక.

ఇక వాళ్ల మూడో బిడ్డ, పసివాడు జాక్‌జాక్‌కూ, దొంగల ముసుగు వేసుకున్నట్టు కళ్ల చుట్టూ నల్లపట్టీ ఉండే రకూన్ అనే జంతువుకూ మధ్య పెరట్లో జరిగే పోరాటం ఈ సినిమాలో ఎవరూ మరిచిపోలేని ఘట్టం. మన ఊళ్లలో రకూన్ లేదు, కాని రాత్రిపూట చెత్తకుండీ కెలికే జంతువును ఏ ఊరివారికీ పరిచయం చేయనక్కరలేదు. బాబ్ సోఫాలో నిద్రపోయి ఉంటాడు. టీవీలో పాత సినిమాలోని ముసుగు దొంగను చూసిన పసివాడు కిటికీలోంచి బయటకు చూస్తే, అదే ముసుగుతో ఒకడు తమ చెత్తకుండీలో చేయి పెడుతున్నాడు. పసివాడు మూసి ఉన్న అద్దం తలుపులోంచి అలాగే దాటి బయటకు వస్తాడు. ఆ తరువాత కళ్లలోంచి కిరణాలు, మంట, ఒకడు అయిదారుగురిగా మారడం వరసగా బయటపడతాయి. ఈ ఘట్టంలో దాదాపు మాటలే ఉండవు. నా పక్కన కూర్చున్న మా అక్క కొడుకుకు అప్పుడు ఆరేళ్లు. ఆ జంతువు ప్రతిసారీ తిరిగి మీదకు వస్తున్నప్పుడు వాడు నవ్వలేక కడుపు పట్టుకుని సీటులోంచి కిందకు జారిపోయాడు. వారం తరువాత సినిమాలో ఏం జరిగిందని అడిగితే వాడు చెప్పిన కథ ఇదొక్కటే. విలన్ పేరు కూడా వాడికి గుర్తు లేదు. తరువాత దుస్తులు కుట్టే ఎడ్నా దగ్గర పిల్లవాణ్ని ఒక రాత్రి వదిలి వెళ్లే ఘట్టం కూడా ఇదే తూకంలో ఉంటుంది. పిల్లల్ని చూసుకోవడం తన పని కాదని విసుక్కున్న ఆవిడ, పసివాడు తన ముఖాన్నే అనుకరించేసరికి కరిగిపోతుంది. ఎడ్నాకు రెండు సినిమాల్లోనూ గొంతు ఇచ్చినది దర్శకుడు బ్రాడ్ బర్డే.

బయటి పాయ చూడడానికి అద్భుతంగా ఉంటుంది, ఆలోచించడం మొదలుపెడితే మాత్రం పలచబడుతుంది. అదుపు తప్పి వెనక్కి పరుగెత్తే రైలును హెలెన్ మోటారు సైకిల్ మీద వెంటాడి, చివరకు తన శరీరాన్నే పారాచూట్‌లా పరిచి ఆపే దృశ్యం, సాగే గుణం ఉన్న శరీరంతో ఏమేమి చేయవచ్చో దర్శకుడు ఎంత లోతుగా ఊహించాడో చూపిస్తుంది. తెరల ద్వారా మనుషులను వశపరచుకునే స్క్రీన్‌స్లేవర్‌ను ఆమె వెతికి పట్టుకునే ఘట్టం యానిమేషన్‌లో అరుదుగా కనిపించే బిగువుతో సాగుతుంది. పట్టుబడినవాడు అసలు విలన్ కాదని, వశమైన ఒక మామూలు మనిషేనని తెలియడం దాకా కూడా కథ బాగానే నడుస్తుంది. అసలు విలన్ ఎవరన్నది మాత్రం పదేళ్లు దాటిన పిల్లలు కూడా ముందే పసిగట్టేస్తారు. కథలో కొత్తగా వచ్చిన ముఖ్యమైన మనుషులు ఇద్దరే, అందులో ఒకరు మరీ ఉత్సాహవంతుడు. ఆ సంగతి ఇక్కడ చెప్పక తప్పదు కనుక, సినిమా చూడనివారు ఈ కింది రెండు పేరాలను వదిలి ముందుకు వెళ్లవచ్చు.

అసలు విలన్ అయిన ఎవెలిన్ వాదన నిజంగా పదునైనది. ఇంట్లో దొంగలు పడినప్పుడు వాళ్ల తండ్రి రహస్య గదిలో దాక్కోకుండా, అప్పటికే అజ్ఞాతంలోకి వెళ్లిన హీరోలకు ఫోను చేస్తూ నిలబడి, తూటాకు బలైపోయాడు. హీరోలు ఉండి ఉంటే నాన్న బతికేవాడని అన్న నమ్ముతాడు. హీరోలు వస్తారని నమ్మడంవల్లే నాన్న చనిపోయాడని చెల్లెలు నమ్ముతుంది. ఒకే చావు నుంచి రెండు ఎదురెదురు నమ్మకాలు పుట్టడం, ఎవరినో ఒకరిని నమ్ముకుని తెరల ముందు కూర్చునే జనం మీద ఆమెకున్న ఏవగింపు, ఇవి ఒక సూపర్‌హీరో సినిమా తన మీద తానే వేసుకోగల గట్టి ప్రశ్నలు. కాని సినిమా ఆ ప్రశ్నను లేవనెత్తి జవాబు చెప్పదు. కింద పడిపోతున్న ఎవెలిన్‌ను హెలెన్ కాపాడినప్పుడు, కాపాడినంత మాత్రాన నీ మాట నిజమైపోదని ఆమె అంటుంది, నువ్వు బతికి మాత్రం ఉన్నావు కదా అన్నట్టుగా హెలెన్ జవాబిస్తుంది. మంచి సంభాషణే, వాదన మాత్రం అక్కడే తెగిపోతుంది. కాసేపటికి చట్టం మారుతుంది, అందరూ చప్పట్లు కొడతారు.

దీన్ని మొదటి భాగంలోని సిండ్రోమ్‌తో పక్కపక్కన పెట్టి చూడాలి. చిన్నతనంలో బాబ్ వెంటపడి, తోడుగా చేర్చుకోమని అడిగి, కాదనిపించుకున్న కుర్రవాడే పెద్దవాడై విలన్‌గా తిరిగొస్తాడు. అతనికి అతీతశక్తి లేదు, ఉన్నది యంత్రాలు చేసే తెలివి, మానని అవమానం. ఆ శక్తులను యంత్రాలుగా అందరికీ అమ్మితే ఇక ఎవరికీ ప్రత్యేకత ఉండదన్నది అతని పగ. అంటే విలన్ పుట్టుకలో హీరో తప్పు కొంత ఉంది, అందుకే అక్కడ గెలుపు కూడా కొంచెం చేదుగా ఉంటుంది. ఎవెలిన్ విషయంలో ఈ కుటుంబం చేసిన తప్పేమీ లేదు. ఆమె వాళ్ల కథలోకి బయటి నుంచి వచ్చి బయటికే వెళ్లిపోతుంది. కొనసాగింపుగా రెండో భాగం కొంచెం ఖాళీగా అనిపించడానికి నాకు కనిపించిన ముఖ్య కారణం ఇదే.

చూపు, శబ్దం విషయానికి వస్తే లెక్క తిరగబడుతుంది. 2004 నాటి కంప్యూటర్ బొమ్మల్లో మనుషుల చర్మం, బట్టలు, ముఖ్యంగా వయొలెట్ ముఖం మీద పడే పొడవాటి జుట్టు బొమ్మలు వేసేవారికి పెద్ద పరీక్ష అయ్యాయి. ఇవాళ చూస్తే కొన్ని చోట్ల ఆ బిగుసుకుపోయినతనం కనిపిస్తుంది. రెండో భాగంలో బట్టల ముడతలు, రాత్రి దీపాల వెలుగు, ఇంటి లోపలి చెక్క, అద్దం, నీళ్లు కళ్లకు పండుగ. 1960ల నాటి అమెరికన్ ఇళ్లు, కార్లు, ఫర్నిచర్ తీరును రెండు సినిమాలూ పాటించినా, దాన్ని తనివితీరా చూపించగలిగినది రెండోదే. బాకాల హోరుతో సాగే జాజ్ తరహా నేపథ్య సంగీతం రెండింటికీ మైకేల్ జియాకినోదే. మంచి స్పీకర్లు ఉన్న గదిలో చూడడానికి ఈ రెండూ సమానంగా అర్హమైనవి. పెద్ద తెర, కొత్త టీవీ ఉన్నవారు దాని సత్తా చూడాలనుకుంటే రెండో భాగం పెట్టుకోవచ్చు.

వసూళ్లను బట్టి ఎంచుకునేవారు ఒక సంగతి గమనించాలి. రెండో భాగం అమెరికాలో మొదటి వారాంతంలోనే 18 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసి అప్పటికి యానిమేషన్ సినిమాల్లో రికార్డు నెలకొల్పింది, ప్రపంచమంతటా కలిపి సుమారు 124 కోట్ల డాలర్లు తెచ్చింది. మొదటిది తెచ్చినది దాదాపు 63 కోట్లు. కాని ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచినది మొదటిదే. రెండోది నామినేషన్ దగ్గరే ఆగి, అదే ఏడాది వచ్చిన స్పైడర్-మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్-వర్స్‌కు బహుమతి వదులుకుంది. మొదటి సినిమా మీద పెరిగిన ప్రేమే రెండోదానికి టిక్కెట్లు కొనిపించిందని నా ఊహ. తెర వెనక మరో సంగతి కూడా ఉంది: టాయ్ స్టోరీ 4 ఆలస్యం కావడంతో విడుదల తేదీలు తారుమారై, 2019లో రావలసిన ఇన్‌క్రెడిబుల్స్ 2 ఏడాది ముందుకు జరిగింది. విలన్ కథ అరకొరగా ఉండడానికి ఇదే కారణమని తేల్చలేము కాని, ఆ భాగం చూసినప్పుడల్లా నాకు ఆ పోయిన ఏడాది గుర్తొస్తుంది.

ఇప్పుడు మీ పక్కన ఎవరు కూర్చుంటున్నారన్నదాన్ని బట్టి తేల్చుకుందాం. ఆరేడేళ్ల లోపు పిల్లలుంటే రెండో భాగమే నయం. మొదటి భాగంలో ఆత్మహత్యాయత్నం ఉంది, వేటాడి చంపడం ఉంది, భర్త కోటు మీద దొరికిన తెల్లని వెంట్రుక చూసి భార్య పడే అనుమానం ఉంది, వీటిలో కొన్ని పిల్లలకు అర్థం కావు, అర్థమైనవి భయపెడతాయి. రెండో భాగంలో పసివాడు ఉన్నంతసేపూ వాళ్లు తెర వదలరు. హెలెన్ దర్యాప్తు సాగే చోట్ల కాస్త కదులుతారు, అంతే. పది దాటిన పిల్లలకు, అంతకన్నా పెద్దవారికి ముందు మొదటి భాగమే చూపించాలి, మరో ఆలోచన అక్కరలేదు. పెళ్లయి, పిల్లలుండి, ఇంటి పని ఎవరిది, బయటి పని ఎవరిది అన్న చర్చ రోజూ జరిగే దంపతులకు మాత్రం నేను రెండో భాగాన్ని ప్రత్యేకంగా సూచిస్తాను. దూరం నుంచి ఫోను చేసి పిల్లలెలా ఉన్నారని అడిగే హెలెన్‌తో, అంతా బాగుందని అబద్ధం చెప్పే బాబ్ గొంతులో వాళ్లకు చాలా వినిపిస్తుంది. మొదటి భాగాన్ని ఎంతో ఇష్టపడి, దానికన్నా లోతైనది కావాలని కూర్చునేవారు మాత్రం నిరాశపడతారు. వాళ్లు ఆశ కొంచెం తగ్గించుకుని, ఇది అదే కుటుంబంతో గడిపే మరో వారాంతం అనుకుని చూస్తే సుఖపడతారు.

వీటన్నిటికన్నా ముందు చూసుకోవలసిన జాగ్రత్త ఒకటుంది. స్క్రీన్‌స్లేవర్ ఉన్న సన్నివేశాల్లో, ముఖ్యంగా అతని స్థావరంలో జరిగే పోరాటంలో, వెలుగు చాలాసేపు టపటపా మెరుస్తూ ఆరుతూ ఉంటుంది. విడుదలైనప్పుడు దీని మీద ఫిర్యాదులు రావడంతో, థియేటర్లలో హెచ్చరిక పెట్టమని సినిమాను పంపిణీ చేసిన డిస్నీయే కోరింది. ఇంట్లో మూర్ఛ వ్యాధి ఉన్నవారు, మెరిసే వెలుగు పడనివారు, మైగ్రేన్ వచ్చేవారు ఉంటే రెండో భాగాన్ని పక్కనపెట్టి మొదటిది చూడడమే క్షేమం. మిగతావారు కూడా గదిలో ఒక దీపం వెలిగించి ఉంచుకుంటే కళ్లకు హాయిగా ఉంటుంది.

భాష సంగతి తెలుగు ఇళ్లలో చిన్నది కాదు. ఈ రెండు సినిమాల్లో మాట వేగం ఎక్కువ, హాస్యమంతా ఒకరి మాటను మరొకరు మధ్యలో తుంచడంలో ఉంటుంది. అందువల్ల సబ్‌టైటిల్స్ చదువుతూ చూసే తాతయ్యలకు, అమ్మమ్మలకు సగం నవ్వు జారిపోతుంది. హిందీ వచ్చిన ఇళ్లకు ఒక ఆకర్షణ ఉంది: మొదటి భాగం హిందీలో హమ్ హై లాజవాబ్ పేరుతో వచ్చినప్పుడు బాబ్‌కు షారుఖ్ ఖాన్, డాష్‌కు ఆయన కొడుకు ఆర్యన్ గొంతులిచ్చారు, రెండో భాగం హిందీలో హెలెన్‌కు కాజోల్ మాట్లాడింది. విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లలకు ఇంగ్లీషే సులువు. ఏ ఓటీటీలో చూసినా, ప్లే నొక్కే ముందు ఆడియో జాబితా తెరిచి, ఇంట్లో అందరికీ అర్థమయ్యే భాష ఉందో లేదో చూసుకోండి. అందరూ కూర్చున్నాక వెతకడం మొదలుపెడితే పాప్‌కార్న్ అయిపోయేదాకా అదే పని అవుతుంది.

తెలుగులోనే కావాలి, అదీ సూపర్‌హీరో సీక్వెల్ కావాలి అంటే, 2023లో వచ్చిన స్పైడర్-మ్యాన్: అక్రాస్ ద స్పైడర్-వర్స్ ఉంది. దాన్ని మన దేశంలో తెలుగుతో కలిపి పది భాషల్లో విడుదల చేశారు, ముంబయినీ మాన్‌హట్టన్‌నూ కలిపి ఊహించిన ఒక నగరమూ, పవిత్ర్ ప్రభాకర్ అనే భారతీయ స్పైడర్-మ్యానూ అందులో ఉన్నారు. సీక్వెల్‌గా అది ఇన్‌క్రెడిబుల్స్ 2కు సరిగ్గా వ్యతిరేకం. మొదటి భాగంలోని కుర్రవాణ్ని అది నిజంగా పెద్దవాణ్ని చేస్తుంది, అమ్మానాన్నలతో అతని గొడవను కథకు మధ్యలో పెడుతుంది, ఆ విషయంలో ఎంతో తృప్తినిస్తుంది. కాని 140 నిమిషాలు కూర్చోబెట్టి కథను నడిమధ్యలో ఆపేస్తుంది. ముగింపు లేకుండా లేవడం ఇష్టం లేనివారికి, చిన్నపిల్లలకు ఆ సినిమా సరిపోదు. తెర మీద అన్నీ ఒకేసారి కదిలే దాని వేగం కూడా అందరి కళ్లకూ పడదు. ఇన్‌క్రెడిబుల్స్ 2 ఎన్ని ఖాళీలు వదిలినా, కథను ముగించి, ఇంటిల్లిపాదినీ కారెక్కించి పంపుతుంది. కుటుంబం, నష్టం, దుఃఖం గురించి మెత్తగా చెప్పే సూపర్‌హీరో కథ కావాలనుకునేవారు 2014 నాటి బిగ్ హీరో 6 వైపు చూడవచ్చు. నిడివిలో అది పై వాటన్నిటికన్నా చిన్నది, 102 నిమిషాలే.

రెండు భాగాలనూ చూడాలని నిర్ణయించుకున్నవారు ఒకే రోజు చూడకండి. కలిపితే నాలుగు గంటలకు ఏడు నిమిషాలు తక్కువ, అంతేకాక వెంటవెంటనే చూస్తే బాబ్ మళ్లీ వెనక్కి జారడం మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మధ్యలో ఒక వారం విడిచిపెట్టండి. ఆ వారంలో, వీలైతే, 2005లో వచ్చిన జాక్‌జాక్ ఎటాక్ అనే చిన్న చిత్రాన్ని చూడండి. మొదటి భాగం నడుస్తున్నప్పుడు ఇంట్లో పసివాణ్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మాయికి ఏమైందో అందులో ఉంటుంది. వాడి శక్తులు మనకు తెలుసు, అమ్మానాన్నలకు తెలియవు అన్న సరదా రెండో భాగంలో పండాలంటే అది చూసి ఉండడం మంచిది. రెండో భాగంతో పాటు థియేటర్లలో వేసిన బావో అనే ఎనిమిది నిమిషాల చిత్రం దొరికితే దాన్ని కూడా వదలకండి. ఆ ఏడాది చిన్న యానిమేషన్ చిత్రాలకిచ్చే ఆస్కార్ దానికే వచ్చింది. పిల్లలు దూరంగా స్థిరపడిన అమ్మలు ఉన్న ఇంట్లో మాత్రం దాన్ని సినిమా తరువాత కాక ముందే వేయండి, ఆ కళ్లు తుడుచుకోవడానికి రకూన్ వచ్చేదాకా సమయం ఉంటుంది.